ఎడారి గులాబీకి కొత్త కుండీ

మా ఊళ్లో సాయంత్రం చదువుకి వచ్చే ఒక పిన్నిగారు వున్నారు. వాళ్లింటి అరుగు మీద ఒక కుండీ వుంది. అందులో ఎడారి గులాబీ మొక్క వుంది. కొందరు దాన్ని అడీనియం అంటారు. ఆ మొక్కను పిన్నిగారి చిన్నమ్మాయి కడియం నర్సరీ నుంచి తెచ్చింది. తరవాత ఆ అమ్మాయికి పెళ్లయింది. హైదరాబాదు వెళ్లిపోయింది. మొక్క మాత్రం అమ్మ దగ్గరే వుండిపోయింది.

పిన్నిగారు ఆ మొక్కను కూతుర్ని చూసుకున్నట్టే చూసుకునేవారు. పొద్దున ఒక చెంబు నీళ్లు. సాయంత్రం ఒక చెంబు నీళ్లు. ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

చలికాలం వచ్చింది. మొక్క ఆకులు పసుపురంగుకి తిరిగాయి. ఒక్కొక్కటే రాలిపోయాయి. "అయ్యో, దాహమేస్తోంది కాబోలు" అనుకున్నారు పిన్నిగారు. మధ్యాహ్నం కూడా ఇంకో చెంబు పొయ్యడం మొదలుపెట్టారు.

శివరాత్రి వెళ్లిన వారం ఆమె నా దగ్గరికి వచ్చారు. కళ్లనిండా నీళ్లు.

"పంతులమ్మా, మొక్క మొదలు మెత్తబడిపోయింది. వేలుపెట్టి నొక్కితే లోపలికి పోతోంది. పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా 'అమ్మా, నా మొక్క ఎలా వుంది?' అని అడుగుతుంది. దానికి ఏం చెప్పను? నేనేం తక్కువ చేశాను?" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆమె తక్కువ చేసిందేమీ లేదు. ఎక్కువే చేశారు. అదే అసలు చిక్కు.

నాకు కూడా ఇలాంటి అనుభవం ఒకటి వుంది. నేను ట్రైనింగు చదివే రోజుల్లో ఇలాంటి మొక్కే కొన్నాను. మంచి వానాకాలంలో దాని కుండీ మార్చాను. మార్చిన వెంటనే బకెట్టు నీళ్లు పోశాను. పది రోజుల్లో మొక్క కుళ్లిపోయింది. ఆ తరవాతే నర్సరీలో పనిచేసేవాళ్లను అడిగి సరైన పద్ధతి తెలుసుకున్నాను. ఆ పద్ధతిలోనే నేనూ పిన్నిగారూ కలిసి ఆమె మొక్కకు కుండీ మార్చాం. మేం ఏం చేశామో, ఎందుకు చేశామో ఇప్పుడు మీకు చెబుతాను.

ఇది ఏ ఊరి మొక్క?

పేరు ఎడారి గులాబీ. కాని ఇది గులాబీ జాతి కాదు. గన్నేరు జాతి. పువ్వును జాగ్రత్తగా చూడండి. ఐదు రేకులు. మధ్యలో చిన్న గొట్టం. గన్నేరు పువ్వులాగే లేదూ? నందివర్ధనం, బిళ్ళగన్నేరు కూడా ఈ కుటుంబమే.

దీని పుట్టిల్లు మన దేశం కాదు. ఆఫ్రికాలోని ఎండిన నేలలు, అరేబియా ప్రాంతాలు దీని సొంత ఊళ్లు. అక్కడ వాన ఎప్పుడో వస్తుంది. వచ్చిన నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. మళ్లీ వాన కోసం నెలల తరబడి ఎదురు చూడాలి.

మరి అలాంటి చోట మొక్క ఎలా బతుకుతుంది? మనం ఎండాకాలం కోసం గాబు నిండా నీళ్లు పట్టుకుంటాం కదా. ఈ మొక్క కూడా అలాగే చేస్తుంది. తన మొదట్లో నీళ్లు దాచుకుంటుంది. అందుకే దీని మొదలు దుంపలాగా లావుగా ఉబ్బి వుంటుంది. కాండమూ వేరూ కలిసి అలా ఉబ్బుతాయి. మనం దాన్ని దుంప అనే పిలుచుకుందాం.

ఇప్పుడు ఆలోచించండి. గాబు నిండా నీళ్లున్న ఇంట్లో రోజూ మూడుసార్లు నీళ్లు కుమ్మరిస్తే ఏమవుతుంది? ఇల్లంతా చిత్తడి అవుతుంది. ఈ మొక్కకూ అంతే.

చలికాలంలో ఆకులెందుకు రాలాయి?

చలికాలంలో ఈ మొక్క నిద్రపోతుంది. ఆకులు రాల్చి విశ్రాంతి తీసుకుంటుంది. అప్పుడు దానికి నీళ్లతో పని చాలా తక్కువ. పిన్నిగారు దాన్ని దాహం అనుకున్నారు. నిద్రపోయే బిడ్డకి అన్నం కుక్కినట్టయింది.

వేళ్లకు నీళ్లు ఒక్కటే కాదు, గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. ఆ సందుల్లో గాలి వుంటుంది. ఎప్పుడూ నీళ్లు నిలిచి వుంటే ఆ సందులు మూసుకుపోతాయి. వేళ్లకు ఊపిరాడదు. వేళ్లు బలహీనపడతాయి. అప్పుడు బూజు జాతి రోగాలు అంటుకుంటాయి. కుళ్లు వేళ్ల నుంచి దుంపలోకి పాకుతుంది.

కుండీ ఎప్పుడు మార్చాలి?

మామూలుగా ఎదిగిన మొక్కకు రెండేళ్లకు ఒకసారి మారిస్తే చాలు. చిన్న మొక్కకు ఏడాదికి ఒకసారి మార్చవచ్చు. ఈ గుర్తులు చూడండి.

కుండీ అడుగు బెజ్జంలోంచి వేళ్లు బయటికి వస్తాయి.

దుంప పెరిగి కుండీ అంచును ఒరుసుకుంటుంది. మట్టి కుండీ అయితే పగులు వస్తుంది. ప్లాస్టిక్ కుండీ అయితే పక్కలు ఉబ్బుతాయి.

పోసిన నీళ్లు మట్టిలో ఇంకకుండా పైనే నిలుస్తాయి. అంటే మట్టి గట్టిపడిందన్నమాట.

కుండీ మార్చడానికి మంచి కాలం ఫిబ్రవరి, మార్చి నెలలు. చలి పోతుంది. మొక్క నిద్ర లేస్తుంది. గాయాలు తొందరగా మానుతాయి. వానాకాలంలో మార్చవద్దు. గట్టి చలిలో మార్చవద్దు. కాని మొక్క కుళ్లుతూ వుంటే మాత్రం నెల చూడకూడదు. ఏ కాలమైనా వెంటనే బయటికి తియ్యాలి.

ముందు ఒక జాగ్రత్త

ఈ మొక్క పాలు విషం. కొమ్మ విరిగినా, వేరు తెగినా పాలవంటి జిగురు లేదా నీరువంటి జిగురు కారుతుంది. అది కడుపులోకి వెళ్తే వాంతులవుతాయి. గుండె కొట్టుకోవడం గతి తప్పుతుంది. ఆఫ్రికాలో వేటగాళ్లు ఈ జాతి మొక్కల రసాన్ని బాణాల మొనలకు పూసేవారు. దీన్నిబట్టి ఎంత విషమో తెలుసుకోండి.

భయపడి మొక్కను పారెయ్యక్కర్లేదు. గన్నేరు కూడా విషమే. అయినా పెరట్లో పెంచుతున్నాం కదా. జాగ్రత్త వుంటే చాలు.

చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. పని చేస్తూ కళ్లు నలుపుకోవద్దు. చేతికి పుండు వుంటే ఈ పని ఇంకొకరికి చెప్పండి. పని అయ్యాక చేతులు, కత్తి సబ్బుతో కడగండి. వంటకు వాడే కత్తి, కత్తిపీట దీనికి వాడొద్దు. పాకే పిల్లలకు అందే చోట కుండీ పెట్టొద్దు. నరికిన కొమ్మలు మేకలకు, గేదెలకు వెయ్యొద్దు.

ఒకవేళ పిల్లలు ఆకో, కొమ్మో నమిలితే నోట్లో మిగిలింది తీసెయ్యండి. నోరు కడగండి. బలవంతంగా వాంతి చేయించవద్దు. "చూద్దాంలే" అని ఆగవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చెయ్యండి. నమిలిన మొక్క ముక్కను కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. అది చూస్తే డాక్టరుకి సంగతి తెలుస్తుంది.

ఏమేం కావాలి?

కుండీ: మట్టి కుండీ మంచిది. దాని గోడల్లోంచి తడి ఆరుతుంది. పాత కుండీ కంటే ఒకటి రెండు అంగుళాలు వెడల్పు ఎక్కువ వుంటే చాలు. "పెద్దది కొంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదు కదా" అన్నారు పిన్నిగారు. అది పొరపాటు. పెద్ద కుండీలో మట్టి ఎక్కువ. మట్టి ఎక్కువైతే తడి తొందరగా ఆరదు. మళ్లీ కుళ్లు వస్తుంది.

కుండీ కొనే డబ్బు లేకపోతే పాత ప్లాస్టిక్ టబ్బు అయినా చాలు. అడుగున వేలు పట్టేంత బెజ్జాలు మూడు నాలుగు చెయ్యండి. బెజ్జం లేని కుండీ ఈ మొక్కకు పనికిరాదు.

మట్టి: ముతక ఇసుక రెండు పాళ్లు. ఎర్రమట్టి ఒక పాలు. బాగా చివికిన పశువుల ఎరువు గాని వానపాముల ఎరువు గాని ఒక పాలు. కొలతకు ఒకే గిన్నె వాడండి. రెండు గిన్నెల ఇసుకకు ఒక గిన్నె మట్టి, ఒక గిన్నె ఎరువు. గుప్పెడు చిన్న ఇటుక ముక్కలు కూడా కలపండి.

సముద్రపు ఇసుక వద్దు. అందులో ఉప్పు వుంటుంది. నల్లరేగడి వద్దు. అది నీళ్లను పట్టుకుని వదలదు. పచ్చి పేడ వద్దు. అది వేడి చేసి వేళ్లను పాడుచేస్తుంది.

మట్టి సరిగ్గా కలిసిందో లేదో ఎలా తెలుస్తుంది? కొంచెం తడిపి గుప్పిట్లో పట్టి పిసకండి. గుప్పిట తెరవండి. ముద్దగా అలాగే వుంటే ఇసుక చాలలేదు. విడిపోయి రాలితే సరిపోయింది.

పని ఎలా చేశాం?

మొక్క బాగున్నట్టయితే మూడు నాలుగు రోజుల ముందే నీళ్లు ఆపాలి. మట్టి పొడిగా వుంటే వేళ్లు తెగకుండా వస్తాయి. పిన్నిగారి మొక్క కుళ్లుతోంది కాబట్టి మేం ఆగలేదు.

మొదట కుండీని పక్కకు వంచాం. చుట్టూ అరచేత్తో తట్టాం. ఒక చేత్తో దుంపను పట్టుకుని మెల్లగా బయటికి తీశాం. కొమ్మ పట్టుకుని లాగకూడదు. విరిగిపోతుంది.

వేళ్లకున్న మట్టిని చేత్తో దులిపాం. అప్పుడు లోపలి సంగతి కనబడింది. కొన్ని వేళ్లు తెల్లగా, గట్టిగా వున్నాయి. అవి మంచి వేళ్లు. కొన్ని నల్లగా, జారుగా వున్నాయి. చెడు వాసన వస్తోంది. అవి కుళ్లిన వేళ్లు. దుంపలో ఒక పక్క కూడా మెత్తబడింది.

కత్తిని మరిగే నీళ్లలో ముంచి తుడిచాం. కుళ్లిన వేళ్లు కోసేశాం. దుంపలో మెత్తబడిన భాగం కూడా కోశాం. పిన్నిగారు మొహం పక్కకు తిప్పుకున్నారు. "ఇంత కోస్తే ఇంకేం మిగులుతుందమ్మా?" అన్నారు. కాని కొంచెం కుళ్లు మిగిలినా అది మళ్లీ పాకుతుంది. కోసిన చోట నల్ల మచ్చ లేకుండా తెల్లగా, గట్టిగా కనబడేదాకా కొయ్యాలి. ప్రతి కోతకూ కత్తి తుడవాలి. లేకపోతే కుళ్లు మంచి భాగానికి అంటుతుంది.

చివరికి దుంపలో సగం కంటే కొంచెం ఎక్కువ మిగిలింది.

తరవాత మొక్కను ఆరబెట్టాం. ఇది చాలామందికి కొత్తగా వుంటుంది. బంతి నారునో, మిరప నారునో పీకితే వెంటనే నాటుతాం. ఇది అలాంటిది కాదు. దీని దుంపలో నీళ్లున్నాయి. కొన్ని రోజులు మట్టి లేకపోయినా చావదు. కాని పచ్చి గాయంతో తడిమట్టిలో పెడితే కుళ్లుతుంది. కోసిన చోట పొక్కు కట్టాలి. మన మోకాలు దోక్కుపోతే పైన పొక్కు కడుతుంది కదా, అలాగన్నమాట.

వేళ్లు తెగకపోతే ఒకటి రెండు రోజులు ఆరితే చాలు. చిన్న వేళ్లు తెగితే మూడు నాలుగు రోజులు. దుంపనే కోస్తే వారం నుంచి పది రోజులు. నీడలో, గాలి తగిలే చోట పాత పేపరు మీద పెట్టాలి. ఎండలో పెట్టకూడదు. పిన్నిగారి మొక్కను అటక మీద పది రోజులు పెట్టాం. పిల్లలకు అందదని అటక ఎంచుకున్నాం.

పదకొండో రోజు నాటాం. కుండీ బెజ్జం మీద కుండ పెంకు బోర్లించాం. మట్టి కారిపోదు, నీళ్లు మాత్రం పోతాయి. పైన కొంత మట్టి పోశాం. మొక్కను నిలబెట్టి చుట్టూ మట్టి నింపాం. దుంప ఇదివరకటి కంటే ఒక అంగుళం పైకి వుండేలా పెట్టాం. అలా పెడితే మొదట్లో తడి నిలవదు. ఏళ్లు గడిచేకొద్దీ దుంప అందంగా కూడా కనబడుతుంది. మొక్క ఊగకుండా చుట్టూ నాలుగు రాళ్లు ఆనించాం.

ఇక అన్నిటికంటే కష్టమైన పని. నీళ్లు పొయ్యకుండా వుండడం.

పిన్నిగారి చెయ్యి చెంబు మీదికే పోయింది. "వద్దు పిన్నిగారూ, వారం ఆగాలి" అన్నాను. నాటేటప్పుడు కొన్ని సన్న వేళ్లు తెగుతాయి. అవి కూడా మానాలి. ఆమె ఒక పని చేశారు. కుండీకి ఒక అట్టముక్క కట్టారు. దాని మీద నాటిన తేదీ రాశారు. కింద "నీళ్లు వచ్చే సోమవారం" అని తన చేత్తోనే రాసుకున్నారు. చెంబు తీసినప్పుడల్లా ఆ అట్ట చదివి మళ్లీ కింద పెట్టేసేవారు.

తరవాత ఎలా చూసుకోవాలి?

వారం తరవాత ఒకసారి బాగా నీళ్లు పొయ్యాలి. అడుగు బెజ్జంలోంచి కారేదాకా పొయ్యాలి. మళ్లీ ఎప్పుడు? మట్టిలో రెండు కణుపుల లోతు వేలు దించి చూడండి. తడి తగిలితే పొయ్యవద్దు. పొడిగా వుంటే పొయ్యండి. రోజూ కొంచెం కొంచెం చిలకరించే కంటే ఇది మంచిది.

ఎండాకాలంలో రెండు మూడు రోజులకు ఒకసారి నీళ్లు కావలసి వస్తాయి. వానాకాలంలో కుండీని చూరు కిందికి జరపండి. చలికాలంలో ఆకులు రాలితే పది పదిహేను రోజులకు ఒకసారి కొంచెం పోస్తే చాలు. ఎన్ని రోజులన్నది ఎండను బట్టి, కుండీని బట్టి మారుతుంది. వేలు చెప్పిన మాటే లెక్క.

మొదటి పది రోజులు నీడలో వుంచండి. తరవాత పొద్దుటి ఎండ చూపించండి. ఆ తరవాత రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. ఎండ లేకపోతే ఆకులు వస్తాయి గాని పూలు రావు. అందుకే ఈ మొక్కను గదిలో మూల పెట్టకూడదు. అరుగు, డాబా, కిటికీ దగ్గర అయితే మంచిది.

కొత్త ఆకులు వచ్చేదాకా ఎరువు వెయ్యవద్దు. ఆకులు వచ్చాక నెలకు ఒక గుప్పెడు వానపాముల ఎరువు వేస్తే చాలు.

కొమ్మల సందుల్లో తెల్లగా దూదిలాగా పిండినల్లి పడితే తడిగుడ్డతో తుడవండి. తుడిచాక చెయ్యి కడుక్కోండి.

పిన్నిగారి మొక్క ఏమయింది?

మూడు వారాలు ఏమీ కనబడలేదు. "పోయిందేమో" అన్నారు పిన్నిగారు. నాకు కూడా భయం వేసింది. పైకి మాత్రం చెప్పలేదు. దుంపను మెల్లగా నొక్కి చూశాం. గట్టిగానే వుంది. దుంప గట్టిగా వున్నంతకాలం ఆశ వుందని అర్థం.

నాలుగో వారం కొమ్మ చివర గోరంత పచ్చదనం కనబడింది. తరవాత నాలుగు ఆకులు వచ్చాయి. శ్రావణమాసంలో మొదటి మొగ్గ వేసింది.

పువ్వు విచ్చిన రోజు పిన్నిగారు పక్కింటి అబ్బాయి చేత ఫోన్లో ఫోటో తీయించారు. దాని కింద కూతురికి తనే అక్షరాలు వెతుక్కుని వెతుక్కుని రాశారు: "నీ మొక్క పూసింది."

గుర్తుంచుకుందాం

కుండీ ఒకటి రెండు అంగుళాలే పెద్దది. అడుగున బెజ్జం తప్పనిసరి.

ఇసుక రెండు పాళ్లు, మట్టి ఒక పాలు, చివికిన ఎరువు ఒక పాలు.

కుళ్లింది పూర్తిగా కొయ్యాలి. ఆరబెట్టాకే నాటాలి.

నాటాక వారం నీళ్లు వద్దు. తరవాత వేలు పెట్టి చూసి పొయ్యాలి.

పాలు విషం. పిల్లలకు, పశువులకు అందకూడదు.

ఆలోచించండి, చెప్పండి

1. చలికాలంలో ఈ మొక్క ఆకులు ఎందుకు రాలుస్తుంది?

2. కుండీ మరీ పెద్దదైతే ఏం నష్టం?

3. మీ ఇంట్లో ఏ మొక్కలకు నీళ్లు ఎక్కువ కావాలి? వేటికి తక్కువ కావాలి? రెండు వరసలుగా రాయండి.

4. మీ ఇంటి చుట్టూ వున్న విషపు మొక్కల పేర్లు రాయండి. వాటి సంగతి ఇంట్లో పిల్లలకు చెప్పండి.